అక్క గన్నేరు, నా నందివర్ధనం

మా అక్కకీ నాకూ రెండేళ్ళుగా ఒక తగువు నడుస్తోంది. పొలం గట్టు తగువు కాదు, అమ్మ బంగారం తగువూ కాదు. అనంతపురంలో ఇప్పుడు అక్క ఉంటున్న మా అమ్మ ఇంటి గేటు పక్కనున్న గన్నేరు తగువు.

2024 వేసవిలో కేరళలో ఒక యువతి చనిపోయింది. గన్నేరు ఆకు నోట్లో పెట్టుకోవడం వల్లేమోనన్న అనుమానం పేపర్లకెక్కింది. ఆ వెంటనే ట్రావెన్‌కోర్ దేవస్వం బోర్డు తమ గుళ్ళలో నైవేద్యానికీ, ప్రసాదానికీ గన్నేరు పూలు వాడొద్దని చెప్పింది. ఇక ఆ వారమంతా నా ఫోను ఖాళీగా లేదు. "మీ ఇంట్లో ఈ మొక్క ఉంటే వెంటనే పీకేయండి" అని మెసేజీలు, కింద ఫొటో, ఫొటో చుట్టూ పుర్రె బొమ్మలు. తమాషా ఏమిటంటే వాటిలో కొన్ని దేవగన్నేరు ఫొటోలు. ఒకటైతే పాపం బిళ్ళగన్నేరు. నేను జూనియర్ కాలేజీలో బోటనీ చెప్పి రిటైరైనదాన్ని. ఫొటోలు తప్పని నవ్వుకున్నాను గానీ, టెన్షన్ మాత్రం నాకూ అంటుకుంది. అక్కకు ఫోన్ చేసి, "గేటు దగ్గర గన్నేరు కొట్టేయించు. ఆ చోట నందివర్ధనం పెట్టుకో. తెల్లగా చక్కగా పూస్తుంది, పూజకూ పనికొస్తుంది" అన్నాను.

"నీళ్ళు నువ్వొచ్చి పోస్తావా మే?" అంది అక్క.

నేను విషం గురించి చెప్తుంటే తను నీళ్ళ గురించి మాట్లాడుతోందేమిటని విసుక్కున్నాను. ఆ ప్రశ్నలో ఎంత వృక్షశాస్త్రం ఉందో ఇంత పాఠం చెప్పిన నాకు తట్టలేదు.

మొదట ఈ రెండు మొక్కల చుట్టరికం చెప్పాలి. గన్నేరు కొమ్మ విరిచినా పాలు కారతాయి, నందివర్ధనం ఆకు తుంచినా పాలు కారతాయి. రెండింటి పూలకూ అయిదు రెక్కలే, రెండూ గాలిమర తిప్పినట్టు ఒక పక్కకు ఒరిగి ఉంటాయి. ఒకే కుటుంబం మరి. 1753లో స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ తనకు తెలిసిన మొక్కలన్నిటికీ పేర్లు పెడుతూ మన నందివర్ధనాన్ని గన్నేరు ప్రజాతిలోనే, అంటే కుటుంబంలో దాని సొంత గుంపులోనే వేశాడు, నీరియం డైవారికేటమ్ అని. దాన్ని అక్కణ్ణుంచి తీసి టాబర్నిమోంటానాలో పెట్టింది తర్వాతి శతాబ్దంలో రాబర్ట్ బ్రౌన్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు. ఆ నోరు తిరగని పేరు పదహారో శతాబ్దపు జర్మన్ మూలికావైద్యుడు ఒకాయనది. మా పిల్లలు పరీక్షలో దాన్ని ఎన్ని రకాలుగా రాసేవారో చెప్తే ఇంకో వ్యాసమవుతుంది.

లిన్నేయస్ కంటే మన ఊళ్ళలో పేర్లు పెట్టినవాళ్ళే నాకు గొప్పగా అనిపిస్తారు. పచ్చగన్నేరు, దేవగన్నేరు అమెరికా ఖండాల నుంచి వచ్చిన మొక్కలు. బిళ్ళగన్నేరు మడగాస్కర్‌ది. ఒకటి చెట్టు, ఒకటి పొద, ఒకటి మోకాలెత్తు మొక్క. పైకి చూస్తే పోలికే ఉండదు. అయినా మనవాళ్ళు మూడింటినీ గన్నేరు అనే పిలిచారు. మూడూ నిజంగానే ఆ కుటుంబానివే! మైక్రోస్కోపు లేకుండా, పువ్వు తీరు చూసి కనిపెట్టేశారన్నమాట. కాకపోతే ఆ చలవ వల్లే వాట్సాప్‌లో ఒకదాని పాపం ఇంకోదానికి చుట్టుకుంది.

గన్నేరు విషం సంగతి కొత్త వార్తేమీ కాదు. అమరకోశంలో గన్నేరుకు (కరవీరానికి) ఉన్న పేర్లలో హయమారకం ఒకటి. అంటే గుర్రాన్ని చంపేది. ఆకు, పువ్వు, బెరడు, వేరు, అన్నిట్లోనూ గుండె లయను దెబ్బతీసే పదార్థాలున్నాయి. వాటిలో ముఖ్యమైనది ఓలియాండ్రిన్. ఎండినా, ఉడికినా పోదు. పుల్లలు కాల్చితే పొగ కూడా మంచిది కాదు. ఎవరైనా పొరపాటున తింటే చింతపండు నీళ్ళు, మజ్జిగ అంటూ ఇంటి వైద్యాలు చెయ్యకుండా తిన్నగా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఇందులో నాకు ఎవరితోనూ వాదన లేదు.

నా వాదన దాని తర్వాత మాట గురించి. ఇంత విషమున్న మొక్క మన హైవేల డివైడర్ల మీద కిలోమీటర్ల కొద్దీ ఎందుకుంది? మా అమ్మ గేటు పక్కన మా చిన్నప్పటి నుంచీ ఎందుకుంది? అమ్మకు తెలియక కాదు. "ఆకు నోట్లో పెట్టుకుంటే వీపు పగులుతుంది" అని మమ్మల్ని బెదిరించే ఆ చెట్టు కింద ఆడుకోనిచ్చింది. మేకలు తినవు కాబట్టే నాటింది. ఆ వీధిలో కంచె లేకుండా మిగిలిన పచ్చదనం అదొక్కటే. మందారం పెడితే వారం, గులాబీ పెడితే రెండు రోజులు. మేకల మంద ఒకసారి వెళ్ళిందంటే మొక్క ఉన్నచోట పుల్ల మిగిలేది. గన్నేరు విషం పిల్లల్ని చంపలేదు, పువ్వుల్ని కాపాడింది.

ఇక నీళ్ళు. అనంతపురంలో ఏడాదికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అదీ పడాలనుకున్నప్పుడు పడదు. ఇంటర్ బోటనీ ల్యాబులో ఎడారి మొక్కల అనుకూలనాలంటే మేం కోసి చూపించేది గన్నేరు ఆకునే. బ్లేడుతో సన్నగా అడ్డంగా కోసి, రంగు వేసి మైక్రోస్కోపు కింద పెడితే, పైన మందపాటి మైనపు పొర, దాని కింద ఒకటి కాదు రెండు మూడు వరసల చర్మం. శ్వాసరంధ్రాలు ఆకు అడుగున గుంటల్లో దాక్కుని ఉంటాయి, ఆ గుంటల నిండా నూగు. ఎండ తగలదు, గాలి తగలదు, నీరు ఊరికే పోదు. ఎన్ని బ్యాచ్‌లకు ఆ స్లైడు చూపించానో లెక్కలేదు. అదే ఆకు అమ్మ గేటు పక్కన ఏం పని చేస్తోందో మాత్రం అక్క అడిగేదాకా ఆలోచించలేదు.

నిజానికి గన్నేరు పుట్టిల్లు ఎడారి కాదు, వాగుల గట్లు. ఏడాదిలో నాలుగు రోజులు పొంగి, మిగతా రోజులన్నీ ఇసుక మాత్రమే కనిపించే వాగులుంటాయే, వాటి ఒడ్డు. వేరు లోతుకు దిగుతుంది, వరదొచ్చినా పట్టు వదలదు, ఎండొచ్చినా వదలదు. అనంతపురానికి ఇంతకంటే తగిన మొక్కను ఎవరు కనిపెడతారు? హిరోషిమాలో 1945 బాంబు తర్వాత ఆ బూడిదలోంచి ముందుగా పూసిన పువ్వు ఇదేనని చెప్తారు, ఆ నగరం తన పువ్వుగా పెట్టుకుంది కూడా. మా అక్క ఇంటి ముందు వారానికోసారి వచ్చే ట్యాంకరు నీళ్ళలో మొక్క వాటా ఎంత? సున్నా. అయినా ఏప్రిల్లో, వీధంతా గచ్చులా కాలుతున్నప్పుడు, గులాబీరంగు గుత్తులు గుత్తులు.

ఇప్పుడు నా సంగతి. నేనుండేది రాజమహేంద్రవరంలో. అనంతపురంతో పోలిస్తే ఇక్కడ వాన రెట్టింపు దాకా పడుతుంది. కడియం, కడియపులంక నర్సరీలు పక్కనే. ఇల్లు కట్టుకున్నప్పుడు అమ్మ గుర్తుగా గన్నేరే కావాలనిపించి ఒక నర్సరీకి వెళ్ళాను. "ఇది పొట్టి రకమమ్మా, నడుము దాటదు" అని ఒక కవరు మొక్క ఇచ్చారు. నాలుగేళ్ళలో అది ప్రహరీ గోడ దాటి పక్కింటి వాళ్ళ బట్టల తీగను పలకరించింది. పైగా ముద్దగన్నేరు. నర్సరీలో చూస్తే కాగితం పువ్వులా ఎంత బావుందో! కానీ ముద్ద రకాలతో ఒక చిక్కుంది, వాడిన పువ్వు రాలదు. గోధుమరంగు ముద్దలై గుత్తికే వేలాడుతుంది. మా ఇంట్లో తూర్పున పక్కింటి రెండంతస్తులు, పడమట మామిడి చెట్టు. గన్నేరుకు రోజుకు కనీసం ఆరు గంటల ఎండ కావాలి. మా వాకిట్లో మూడు గంటలు వస్తే గొప్ప. అందుకే అది ఎండ వెతుక్కుంటూ పైకి సాగింది. పూలన్నీ గోడ అవతల, బోడి కాళ్ళు మాకు. చిగుళ్ళకు పసుపురంగు పేనుబంక. దాన్ని మాత్రం నేనేమీ అనలేదు. ఓపిక పడితే అక్షింతల పురుగులు వచ్చి ఖాళీ చేస్తాయి, ఆగలేకపోతే నీళ్ళ పైపుతో గట్టిగా కొడితే చాలు.

ఒక జూన్‌లో వానలకు ముందు దాన్ని బాగా కత్తిరించి, ఆ మండలన్నీ గేటు బయట రోడ్డు పక్కన కుప్ప వేశాను. మున్సిపాలిటీ బండి మర్నాడు వస్తుందిలే అని. సాయంత్రం పాలాయన బెల్లు కొట్టాడు. ఎప్పుడూ గొంతు ఎత్తని మనిషి.

"ఏంటండీ అమ్మగారూ, గన్నేరు మండలు రోడ్డు మీద పడేస్తారా? మా గేదెలు ఈ దారినే కదండీ వచ్చేది!"

"గేదెలు గన్నేరు ముట్టుకోవు కదా బాబూ" అన్నాను, పాఠం చెప్తున్నట్టు.

"పచ్చిది ముట్టుకోవండీ. వాడిపోయాక చేదు తెలీదు. గడ్డితో కలిసిపోయిందంటే నాలుగు పీకులు పీకుతాయి."

సిగ్గనిపించింది. ఇది నేను చదువుకున్న విషయమే. పశువులకు గన్నేరు విషం ఎక్కేది చాలాసార్లు నిలబడి ఉన్న చెట్టు వల్ల కాదు, ఎవరో కొట్టి పారేసిన కొమ్మల వల్ల. చదివింది తలలో ఉంది, కుప్ప రోడ్డు మీద ఉంది. అప్పటికప్పుడు మండలన్నీ గోనెసంచిలో కుక్కి లోపలికి లాక్కొచ్చాం. ఆ ఏడాదే మా మనవరాలు పాకడం మొదలెట్టింది. దొరికింది దొరికినట్టు నోట్లో పెట్టుకునే వయసు. దసరా సెలవుల్లో మా గన్నేరును వేళ్ళతో సహా తీయించేశాను. ఇదంతా కేరళ వార్తకు ముందే జరిగింది.

అందుకే ఆ మెసేజీలు చూడగానే "చూశావా, నేను చేసిందే రైటు" అన్న ఊపులో అక్కకు ఫోన్ చేశాను. నా వాకిట్లో రైటైంది అందరి వాకిట్లోనూ రైటేననుకున్నాను. తప్పు అక్కడ జరిగింది.

గన్నేరు తీసిన గుంటలో నందివర్ధనం పెట్టాను. ఈసారి ముద్ద రకం జోలికి పోకుండా ఒంటిరెక్కది ఏరి తెచ్చుకున్నాను. చాలామంది నాతో ఒప్పుకోరు. ముద్ద నందివర్ధనం చిన్న గులాబీలా ఉంటుంది, దేవుడి పటానికి నిండుగా ఉంటుంది, నిజమే. కానీ ఒంటిరెక్క పువ్వు తెల్లవారేసరికి నేలమీద రాలి, ముగ్గు వేయని రోజున ముగ్గు వేసినట్టుంటుంది. చీపురుతో ఊడ్చేస్తే సరి, గుత్తికి వేలాడే శవాలు ఉండవు. రాత్రి ఎనిమిది దాటాక వాసన చూడండి. మల్లెలా మీద పడదు. వరండాలో కూర్చుని ఫోను పక్కన పెడితేనే తెలుస్తుంది.

మా వాకిలి నీడ దానికి అడ్డే కాలేదు. పొద్దుటి ఎండ మూడు గంటలు, మిగతాది మామిడి చెట్టు జల్లించిన వెలుతురు. అయినా ఏడాది పొడుగునా పూస్తూనే ఉంది. వానాకాలంలో విరగపూస్తుంది, చలిలో కాస్త తగ్గుతుంది. ఆకు నిగనిగలాడుతూ కిందిదాకా ఉంటుంది కాబట్టి పూలు లేని రోజున కూడా మొక్క ముఖం చిన్నబోదు. కత్తిరిస్తే గుండ్రటి పొద, వదిలేస్తే తల ఎత్తు దాటే చిన్న చెట్టు. కొమ్మలు రెండేసిగా చీలుతూ అడ్డంగా పరుచుకుంటాయి, లిన్నేయస్ పెట్టిన డైవారికేటమ్ అన్న మాటకు అర్థం అదే. జూలైలో పెన్సిలు మందం కొమ్మ గుచ్చితే సులువుగా బతుకుతుంది. మా వీధిలో నాలుగిళ్ళకు నేనే ఇచ్చాను.

అయితే నందివర్ధనం సాధుజంతువన్నట్టు చెప్పే మాటలు నేను నమ్మను. అందులోనూ ఒంటి మీద మందులానో విషంలానో పనిచేసే ఆల్కలాయిడ్లు బోలెడు. దాని బెరడులో దొరికే కోనోలిడిన్ అనే పదార్థాన్ని 2011లో అమెరికాలో స్క్రిప్స్ పరిశోధన సంస్థ వాళ్ళు ల్యాబులో తయారుచేసి, ఎలుకల్లో నొప్పి తగ్గిస్తోందని చూపించారు. మందు లక్షణం ఉన్న మొక్క ఏదీ కూరాకు కాదు. మా అమ్మ కళ్ళు మండితే నందివర్ధనం పూలు తడిపి రెప్పల మీద పెట్టేది, చలువ అని. చల్లగా ఉండేది నిజమే. కానీ తొడిమ నుంచి కారే పాలు కంట్లో పడితే ఆ చలువ కాస్తా మంటవుతుంది. నేను మనవరాలి కళ్ళ మీద పెట్టను. గన్నేరుతో పోలిస్తే ప్రమాదం చాలా తక్కువ, అంతే. నేను కోరుకున్నది ఆ తేడానే.

మా మొక్కకు ఒకే ఒక్క శత్రువు వచ్చింది. శత్రువు అనొచ్చో లేదో. ఒక పొద్దున చూస్తే నాలుగు కొమ్మలు బోడిగా ఉన్నాయి, కింద మిరియాల్లాంటి ఉండలు. వెతగ్గా వెతగ్గా దొరికింది. నా చూపుడువేలంత ఆకుపచ్చ గొంగళి, మెడ దగ్గర రెండు నీలం కళ్ళు. నిజం కళ్ళు కావు, పిట్టల్ని బెదిరించడానికి వేసుకున్న బొమ్మ కళ్ళు. పెద్దదయ్యాక ఆకుపచ్చ, గులాబీ రంగులు కలిసిన పాలరాయిలాంటి చిమ్మట అవుతుంది. దీన్ని గన్నేరు చిమ్మట అంటారు, ఎందుకంటే దీని అసలు భోజనం గన్నేరు ఆకే. మనుషుల గుండె ఆపే విషం దానికి పప్పన్నం. గన్నేరు లేకపోతే నందివర్ధనం, బిళ్ళగన్నేరు కూడా తింటుంది. అంటే చుట్టరికం దానికీ తెలుసు. మా ఆయన మందు కొట్టమన్నారు. నేను ఒప్పుకోలేదు. అవి ఎప్పుడూ నాలుగైదుకు మించవు, నెల తిరిగేసరికి చిగుళ్ళు మళ్ళీ వచ్చేస్తాయి. మనవరాలు వాటికి పేర్లు పెట్టుకుంది.

నా అభిప్రాయం మారడం మొదలైంది పోయిన ఎండాకాలంలో, మా కాలనీలోనే. ఒకావిడ ఆ మెసేజీలు చూసి డాబా మీద తొట్లలో హాయిగా పూస్తున్న అయిదు గన్నేరు మొక్కల్ని తీయించి, నందివర్ధనాలు పెట్టించారు. ఆ ఇంట్లో పసిపిల్లలు లేరు, కుక్కా పిల్లీ లేవు, డాబా మెట్లకు తాళం. మే వచ్చేసరికి సిమెంటు గచ్చు సెగకు నందివర్ధనం ఆకుల అంచులు మాడిపోయాయి. రెండు పూటలా నీళ్ళు పోస్తే, తొట్టి అడుగున నీరు నిలిచి ఆకులు పసుపుపచ్చగా తిరిగాయి. ఇనుము లోపమేమో అని నన్ను పిలిచారు. నేను చూసి, ఈ ఎండలో ఇక్కడ ఉండాల్సింది దీని అక్క కదా అనుకున్నాను. అనుకోగానే మా అక్క గుర్తొచ్చింది.

గన్నేరు ఎండకు పుట్టిన మొక్క, నీడలో అనాకారి. నందివర్ధనం నీడలో నవ్వుతుంది, మండుటెండలో దాహంతో ఏడుస్తుంది. పసిపిల్లలు తిరిగే చోట, పశువు మూతి అందే చోట గన్నేరు పెట్టడం నాకు ఇప్పటికీ ఇష్టం లేదు. కానీ నీళ్ళు కరువైన ఊళ్ళో ఏళ్ళ తరబడి వేళ్ళూనుకున్న చెట్టును ఒక వార్త చూసి కొట్టేయమనడం కంటే, దాని మండలు ఎక్కడ పారేయాలో, ఏ పుల్ల కాల్చకూడదో, కత్తిరించాక చేతులు ఎందుకు కడుక్కోవాలో చెప్పడం అవసరం. ఆ పాతిక మెసేజీల్లో ఒక్కటి కూడా పాలాయన చెప్పిన మాట చెప్పలేదు.

పూజ దగ్గర కూడా అంతే. కేరళ బోర్డు నైవేద్యం, ప్రసాదం వరకే వద్దంది, పూజకు వాడటాన్ని నిషేధించలేదు. ఆ తేడా మెసేజీల్లో ఎగిరిపోయింది. శివుడికి గన్నేరు పెట్టండి, ప్రసాదం గిన్నెలో మాత్రం పువ్వు పడనీయకండి. నోట్లోకి వెళ్ళే చోట తులసి చాలదా?

సంక్రాంతికి అనంతపురం వెళ్ళినప్పుడు ఇదంతా అక్కకు చెప్పాను. ఓడిపోయానని మాత్రం అనలేదు. తను గెలిచానని అనకుండా ఊరుకుంటుందా! "గన్నేరు నా జోలికి రాలేదు, నేను దాని జోలికి పోలేదు. మధ్యలో నీకేమొచ్చింది మే?" అంది. అయినా నా సంచిలో తడిగుడ్డ చుట్టిన నాలుగు నందివర్ధనం కొమ్మలు చూసి కాదనలేదు. ఇద్దరం ఇంటి చుట్టూ తిరిగాం. ఉత్తరం వైపు, అంట్లు తోమే గట్టు దగ్గర, గోడ నీడ పడే చోట ఒక జానెడు నేల ఎప్పుడూ తడిగా ఉంటుంది. బియ్యం కడిగిన నీళ్ళు, కూరలు కడిగిన నీళ్ళు అన్నీ అటే పోతాయి. నాలుగూ అక్కడే గుచ్చాం. సబ్బు నీళ్ళు మాత్రం ఇటు వదలొద్దని మా అక్కకు మూడుసార్లు చెప్పాను. గన్నేరు కత్తిరించిన మండల కోసం గేటు లోపల ఒక డ్రమ్ము పెట్టించాను. అది మాత్రం నా గెలుపు.

నాలుగింట్లో రెండు బతికాయి. మొన్న ఆదివారం అక్క ఫోన్ చేసింది.

"నువ్విచ్చిన చెట్టుకు పచ్చపురుగు పట్టింది మే. ఇంత లావుంది. కండ్లేసుకుని నన్నే చూస్తాంది."

"నీలం కళ్ళా?"

"ఆ, నీలమే. గేటు కాడ అంత పెద్ద గన్నేరు పెట్టుకుని, ఈ రెండాకుల పిల్ల మీద పడ్డాది సూడు. తీసి బయటెయ్యనా?"

"గన్నేరు మీద వెయ్యక్కా" అన్నాను.